ఆవకాయ వైరు, గోంగూర వైరు

మొన్న మా వాడిని పెరట్లోకి పంపి, పండిన మిరపకాయ ఒకటి కోసుకు రమ్మన్నాను. పచ్చిది తెచ్చి నా చేతిలో పెట్టాడు. నాలుగేళ్ల పిల్లవాడు. చేతికి అందింది కోసుకొచ్చి ఉంటాడు, లేదా నేను చెప్పింది సగమే విని ఉంటాడు. మా ఆయన కూడా ఆ మాటే అన్నారు. "మిరపకాయ గురించి కూడా దిగులు పడాలా?" అని నవ్వి పేపరు తిప్పుకున్నారు. నేను ఆ కాయను వంటింటి గూట్లో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. ఇంకా అక్కడే ఉంది.

వాడిని మళ్లీ పంపి చూడాలనిపిస్తుంది. చూడకపోతేనే మేలనీ అనిపిస్తుంది. కాలేజీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు మా లెక్చరరుగారు నల్లబల్ల మీద ఆడవాళ్లకు గుండ్రాలు, మగవాళ్లకు చతురస్రాలు గీసి, ఎరుపుకూ పచ్చకూ తేడా తెలియని చూపు కుటుంబంలో ఎలా దిగివస్తుందో చెప్పారు. వచ్చేది ఎక్కువగా మగపిల్లలకు. కాని వచ్చేది తల్లి ద్వారా. తల్లి కళ్లు మామూలుగానే ఉంటాయి కాబట్టి ఆమెకు ఆ సంగతే తెలియదు. అందరూ రాసుకుంటున్నారు. నేను ఆ బొమ్మలో ఒక చతురస్రాన్ని చూస్తూ, ఇది మా అన్న అనుకున్నాను. దాని పక్కనున్న గుండ్రం నేను. ఆ గుండ్రం కింద అప్పటికి ఏమీ లేదు. ఇప్పుడు నా కొడుకు పక్క గదిలో దుప్పటి తన్నేసి నిద్రపోతున్నాడు. నిద్రపట్టని నేను మా అన్న కారు గురించి రాసుకుంటున్నాను.

మా నాన్న బిట్రగుంట లోకో షెడ్డులో ఫిట్టరు. మా తాత ఇంజన్లో బొగ్గు వేసినవాడు. మా రైల్వే కాలనీలో మగపిల్లవాడు పుడితే ఏం చదివిస్తారని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఫిట్టరు చేస్తారా, డ్రైవరు చేస్తారా అని అడిగేవాళ్లు. ఆరేసిన బట్టల మీద బొగ్గు నుసి పడకుండా అమ్మ గాలి వాలు చూసి తీగ మార్చి కట్టేది. అన్నం తింటూ తింటూ, దూరంగా కూత వినపడితే, అది ఏ ఇంజనో, దాన్ని ఎవరు తోలుతున్నారో అన్న చెప్పేవాడు. నిజమో కాదో నాన్న షెడ్డు నుంచి వచ్చాక తేలేది. అన్న చెప్పింది తప్పు కావడం నాకు గుర్తు లేదు.

స్కూలు ఫైనలు పాసయ్యాక అన్నను రైలింజను ఫైర్‌మన్ ఉద్యోగానికి పిలిచారు. అడిగిన ప్రశ్నలకు బాగానే జవాబులు చెప్పాడు. ఆ తరవాత కంటి పరీక్ష. సాయంత్రం రైలు దిగి ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండా గడప మీద కూర్చున్నాడు.

"ఏందిరా, ఏమడిగినారు?" అన్నాడు నాన్న.

"ఒక పుస్తకం చూపించినారు నాయనా. దాంట్లో అంకెలు ఉండాయంట, చదవమన్నారు. యాడ ఉండాయి అంకెలు? ఉట్టి చుక్కలు."

"సరిగ్గా చూసినావా?"

"డాక్టరూ ఆ మాటే అన్నాడు, సరిగ్గా చూడమని. నా పక్కనోడు గడగడా చదివేస్తా ఉండాడు. నాకు ఉట్టి చుక్కలే."

ఆ పుస్తకం సంగతి షెడ్డులో అందరికీ తెలుసు. ఎరుపూ పచ్చా కలిసిపోయే కళ్లకు అందులో అంకె కనిపించదు. అటువంటి కళ్లున్నవాడిని ఇంజను ఎక్కనివ్వరు, ఎక్కనివ్వకూడదు కూడా. ఇన్నేళ్లూ మేం కనిపెట్టలేకపోవడమే వింత. పగటిపూట సిగ్నలు చెయ్యి లేచి ఉందో వాలి ఉందో చూసి అన్న చెప్పేవాడు. చీకటి పడి దీపాలు వెలిగితే మాట మార్చేవాడు కాబోలు. మామిడిపండును చూసి కాక, నొక్కి చూసి, వాసన చూసి ఏరేవాడు. అదేదో వాడికున్న నేర్పని అమ్మ మురిసిపోయేది.

అన్న స్టేషను వైపు వెళ్లడం మానేశాడు. కూత వినపడితే లేచి లోపలి గదిలోకి పోయేవాడు. రంగులతో సంబంధం లేని పని షెడ్డులో ఏదైనా ఉందేమో అడుగుతానని నాన్న అంటే, "నేనిక ఇనుము మీద చెయ్యి పెట్టను నాయనా, నన్ను వదిలెయ్" అన్నాడు. గూడూరులో నాన్నకు వరసకు తమ్ముడయ్యే ఆయనకు బట్టల కొట్టు ఉండేది. దీపావళి బేరాలకు మనిషి కావాలని కబురు పెట్టాడు. అన్న సరేనన్నాడు.

అమ్మకు ఒక తమ్ముడు. సముద్రం వైపు పల్లెలో వరి పండించేవాడు. ఆ మామ కబురు తెలిసి వచ్చి, మా పంచలో కూర్చుని మజ్జిగ తాగుతూ అన్నాడు:

"ఏమే అక్కా, రంగులు తెలీనోడిని బట్టల కొట్టుకు పంపిస్తావా? పెళ్లికూతురికి ఎర్ర చీర కావాలంటే పచ్చది పరిచి, ఇదే ఎరుపు అని ఒట్టేస్తాడు నా అల్లుడు."

అమ్మ నవ్వబోయి ఏడ్చింది. నాన్న నవ్వలేదు, ఏడవలేదు. "దీపావళి దాకా టైముండాది గదా" అని మాత్రం అన్నాడు. దేనికి టైమో చెప్పలేదు. చెప్పకపోయినా మాకు తెలిసింది. అన్న ఆ కొట్టుకు పోతే అక్కడా ఓడిపోతాడు. రెండోసారి ఓడిపోతే ఇక లేవడు. ఆ లోపల వాడి చెయ్యి మళ్లీ ఇనుము మీద పడాలి.

కాలనీ చివరి బంగళాలో ఒకప్పుడు ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉండేవాడు. పనిలోంచి దిగిపోయి ఇంగ్లండుకు వెళ్తూ తన కారును అక్కడే వదిలేశాడు. అప్పటికే అది కదిలేది కాదు. ఆ తరవాత దాని పైకప్పు తుప్పుపట్టి కూలింది, లోపల కోళ్లు కాపురం పెట్టాయి. బంగళాలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ పీడ ఎవరైనా వదిలిస్తే బాగుండునంటే, నాన్న నేను తీసుకుపోతానన్నాడు. ఒక ఆదివారం షెడ్డు మనుషులు దాన్ని తోసుకుంటూ తెచ్చి మా పెరట్లో నిలిపారు.

"ఏమయ్యా, ఇదేందయ్యా?" అంది అమ్మ.

"కారు."

"అది నాకూ కనపడతా ఉండాది. మనకెందుకు?"

"మనకు గాదు. అబ్బాయికి."

"వాడికి లైసెన్సు ఎవరిస్తారు? దానిక్కూడా కళ్లు చూస్తారంట గదా."

"రోడ్డు మీద తోలేదానికి లైసెన్సు. సముద్రం ఒడ్డున ఇసకలో తోలుకుంటే ఎవడడుగుతాడు?"

అమ్మ కారు చుట్టూ తిరిగి వచ్చింది. వెనక సీట్లో ఒక పెట్ట పొదుగుతోంది. "పిల్లలు లేచేదాకా ఆ పక్కకు ఎవరూ పోవద్దు" అని తేల్చేసింది. అందుకే మా కారు పని ముందు నుంచి మొదలైంది.

నాన్న జీవితమంతా ఆవిరి ఇంజన్ల మధ్య గడిచింది. నిప్పు ఒక చోట, నీళ్లు ఒక చోట, ఆవిరి ఒక చోట, అన్నీ కంటికి కనపడాలి. ఇక్కడ అన్నీ ఒకే పెట్టెలో. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి, దాని ముందు గొంతుక్కూర్చుని, "దీంట్లో నిప్పు యాడుంటాదబ్బా" అని పైకే అనుకునేవాడు. విప్పవలసినదాన్ని బిగించేవాడు. కిటికీలోంచి అన్న చూస్తున్నాడని మాకందరికీ తెలుసు. ఎవరూ అటు తిరిగి చూడలేదు. ఒకరోజు నాన్న రైలింజనుకు వాడే పొడుగాటి పానా తెచ్చి, ఆ చిన్న నట్టుకు తగిలించి, పానా కొసకు ఇనప గొట్టం తొడిగి, బలమంతా వెయ్యబోయాడు.

"నాయనా, అది ఇరుగుతాది" అని లోపలి నుంచి అన్న గొంతు.

"ఇరగదులే."

"ఇరుగుతాది. అది రైలింజను గాదు. చిన్న పానా తీసుకో."

"చిన్నది నా చేతికి ఆనదురా. నువ్వు పట్టుకో చూద్దాం."

అన్న వచ్చి పట్టుకున్నాడు. నట్టు కిర్రుమని తిరిగింది. నాన్న తెలియకే గొట్టం తొడిగాడో, తెలిసే తొడిగాడో ఈనాటికీ నాకు తెలియదు. తరవాత ఎన్నిసార్లు అడిగినా మీసం తుడుచుకుని ఊరుకునేవాడు.

ఆ రోజు నుంచి మా ఇల్లు పెరట్లోకి మారింది. ఇంజను విప్పి, ముక్కముక్కనూ కిరసనాయిల్లో కడిగేవాళ్లు. అందుకు అమ్మ కళాయి పోయింది, ఆ కళాయిలో మళ్లీ ఏ వంటా చెయ్యలేదు. పెట్రోలు వడగట్టడానికి అమ్మ పాత వాయిలు చీర చింపి ఇచ్చింది. ఇత్తడి ముక్కలను నేను చింతపండుతో తోమేదాన్ని. కారు వెనక పెట్టెలో ఒక పాత విదేశీ బొమ్మల పత్రిక దొరికింది, సగం చెదలు తినగా మిగిలింది. అందులో మడ్‌గార్డులు, తలుపులు, కప్పు ఏమీ లేని ఒక కారు బొమ్మ ఉంది. ముందు ఇంజను, వెనక ఒక మనిషి, అంతే. ఎవరో ఇంట్లో చేసుకున్నదట. అన్న దాన్ని చాలాసేపు చూశాడు.

"నాయనా, మనదానికీ ఇవన్నీ తీసేద్దాం. బరువు తగ్గితే పరిగెత్తుతాది."

"తీసేసేదేముంది, వాటికవే రాలిపోతా ఉండాయి" అన్నాడు నాన్న.

పెట్ట తన పిల్లలను వెంటేసుకుని దిగిపోయాక వెనక భాగమంతా కోసేశారు. చట్రం, నాలుగు చక్రాలు, ఇంజను మిగిలాయి. నీళ్ల తొట్టి ఎప్పుడూ ఎత్తు మీదే ఉండాలని నాన్న పట్టు. కిరసనాయిలు డబ్బా ఒకటి శుభ్రం చేసి, ఎత్తుగా బిగించి, పెట్రోలు దానంతటదే కిందికి దిగేలా చేశాడు. కాలితో తొక్కే పెడలు తుప్పుపట్టి పోయింది. దాని బదులు చేత్తో లాగే కడ్డీ ఒకటి పెట్టాడు, అచ్చు రైలింజనును కదిలించడానికి డ్రైవరు లాగే రెగ్యులేటరు లాగా. అన్న పొద్దస్తమానం దాన్ని లాగి వదులుతూ ఉండేవాడు.

వెనక టైర్లు పూర్తిగా పోయాయి. మామ తన టైరు బండి చక్రాలు రెండు తెచ్చి ఇచ్చాడు. అవి ముందు చక్రాలకంటే పెద్దవి. వాటిని నాన్న ఎలాగో పట్టీలు కొట్టి బిగించేసరికి కారు వెనక లేచి, ముక్కు కిందికి వంచి, కొమ్ము విసరబోయే పొట్టేలులా నిలబడింది.

"ఇదేంది బావా, సాష్టాంగం పడతా ఉండాది" అన్నాడు మామ.

"బొమ్మలోదీ అట్టనే ఉండాది మామా" అని అన్న పరిగెత్తుకెళ్లి పత్రిక తెచ్చి చూపించాడు. పరిగెత్తుకెళ్లి. అమ్మ నా వైపు చూసింది.

అమ్మ బూరుగుదూది కూరి సీటు కుట్టింది. మామ కూర్చుని చూసి, "నా పెళ్లికిచ్చిన పరుపు ఇంత మెత్తగా లేదే అక్కా" అంటే, "నువ్వు ఇనుము మీద పడుకోలేదు గదరా" అంది.

ఇంత దూరం వచ్చాక వైర్ల దగ్గర అంతా చెడింది.

పాత వైర్లకు గుడ్డ చుట్టి ఉండేది. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి నలుపు. నాన్న షెడ్డుకు వెళ్లిన వేళ, నేను కాలేజీకి వెళ్లిన వేళ, అన్న ఒక్కడే కూర్చుని బ్యాటరీ నుంచి ఇంజనుకు వైర్లు కలిపాడు. నేను వచ్చేసరికి పెరడంతా కాలిన గుడ్డ కంపు. ఎర్రది కలపవలసిన చోట పచ్చది కలిపాడు. వైరు మాడిపోయింది. అన్న పటకారు దూరంగా విసిరేసి, బావి గట్టు మీద కూర్చున్నాడు.

"రేపు గూడూరు పోతాను" అన్నాడు. "దీపావళి దాకా ఎందుకు?"

పక్కన కూర్చుని ప్రతి వైరూ ఇది ఎరుపు, ఇది పచ్చ అని చెప్తానన్నాను. "నువ్వు ఎన్నాళ్లు నా పక్కన కూచుంటావు? పెళ్లయి పోతావు" అన్నాడు. అది నిజమే.

అమ్మ వంటింట్లోంచి అంతా వింటోంది. మా ఇంట్లో ఊరగాయ జాడీలు చీకటి అటక మీద ఉండేవి. అన్నీ ఒకే రకం జాడీలు, అన్నిటికీ ఒకే తెల్ల గుడ్డ వాసెన. తెరిచి చూస్తే గాలి తగిలి బూజు పడుతుందని అమ్మ వాసెన కట్టిన తాడుకు ముడులు వేసి గుర్తు పెట్టేది. ఒక ముడి ఉంటే ఆవకాయ, రెండు ఉంటే గోంగూర, ముడి లేకపోతే చింతకాయ తొక్కు. నిచ్చెన ఎక్కి, చెయ్యి పెట్టి తడిమి, కావలసిన జాడీ దించేది. ఆమె దారపు ఉండ తెచ్చి కారు పక్కన నేల మీద కూర్చుంది.

"అమ్మణ్ణీ, ఎర్రది ఏది?"

చూపించాను. దాని రెండు కొసలకూ ఒక్కో ముడి వేసి బిగించి కట్టింది.

"పచ్చది?"

దాని కొసలకు రెండేసి ముడులు.

"ఒరే, ఇటు రా. కండ్లు మూసుకో. ఇదేంది?"

బావి గట్టు మీద నుంచి అన్న రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చి, కళ్లు మూసుకోకుండానే, వేలితో తడిమాడు.

"ఆవకాయ" అన్నాడు.

"ఇది?"

"గోంగూర."

"చింతకాయకు ముడి లేదు. ఇంక తగలబెట్టినావంటే నీ కండ్ల తప్పు గాదు, తిండి ధ్యాస లేదనుకోవాల్సిందే."

ఆ పూట నుంచి మా ఇంట్లో ఎర్ర వైరు, పచ్చ వైరు అనే మాటలు పోయాయి. షెడ్డు నుంచి వచ్చిన నాన్న తల గోక్కుంటూ, "ఈ ఆవకాయ యాడికి పోతాది?" అని అడిగేవాడు. "స్విచ్చికి నాయనా. గోంగూర ఇట్టా దీపానికి." మామ వచ్చి విని, "అన్నం ఒక్కటే తక్కువ" అన్నాడు.

ఇంజను మొదటిసారి అందుకున్న సాయంత్రం, పొగగొట్టానికి ఏ అడ్డూ లేకపోవడంతో కాలనీ అంతా దద్దరిల్లింది. చుట్టుపక్కల గోడల మీద తలలు లేచాయి. పెట్టా పిల్లలూ తలో దిక్కు పరుగెత్తాయి. అమ్మ చెవులు మూసుకుని నవ్వుతోంది. అన్న నవ్వలేదు. ఇంజను వైపు తల వంచి, ఒకప్పుడు కూత విన్నట్టే వింటున్నాడు. "ఒక సిలిండరు సరిగ్గా కొట్టడం లేదు" అని ఆపేసి, మళ్లీ పానా తీసుకున్నాడు.

దీపావళికి ముందు, వానలు మొదలుకాకుండానే, కారును సముద్రానికి తీసుకువెళ్లాం. రోడ్డు మీద తోలకూడదు కదా. మామ తన ఎద్దులను దాని ముందు కట్టాడు. కారును ఎద్దులు లాగుతుంటే దారిలో ప్రతి ఊళ్లోనూ జనం బయటికి వచ్చారు.

"ఏం బండి అది, అన్నా?"

"కారే. మేత వేస్తేగాని కదలదు" అని మామ చెప్పుకుంటూ వచ్చాడు. సీట్లో కూర్చున్న అన్న తల దించుకుని ఉన్నాడు. సిగ్గో, భయమో.

ఒడ్డున అల వెనక్కి తీసి ఇసక గట్టిపడి ఉంది. కనుచూపు మేర చదునుగా, తడిగా మెరుస్తోంది. అమ్మ చట్రానికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. నాన్న ఆ వేళ షెడ్డు ఖాకీ కోటు వేసుకుని వచ్చాడు. చంకలో ఏదో చుట్ట ఉంది. అన్న ఇంజను అందుకునేలా చేసి, సీటెక్కి కడ్డీ మీద చెయ్యి వేశాక, నాన్న పది బారల దూరం వెళ్లి నిలబడి, ఆ చుట్ట విప్పాడు. జెండాలు. గార్డులు వాడి పారేసిన పాతవి, ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. ఎర్రదాన్ని మడిచి చంకలో పెట్టుకుని, పచ్చదాన్ని నిటారుగా పట్టుకున్నాడు.

అన్న కదలలేదు.

ఇంజను కొట్టుకుంటోంది. నాన్న జెండాను ఇంకాస్త పైకెత్తాడు. అన్న దాన్ని చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు.

"ఏమల్లుడా, ఎద్దులు కావాలా?" అన్నాడు మామ.

నేను పచ్చది అని చెప్పబోయాను. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "గమ్మున ఉండు" అంది మెల్లగా.

మా నాన్న పుట్టి పెరిగిన లోకంలో జెండా ఊపకుండా చక్రం తిరగదు. కొడుకు కళ్ల సంగతి ఆయనకు తెలియక కాదు. ఆ సంగతి తెలిసిన మనిషి వేరు, కొడుకు మొదటిసారి ఇంజను తోలుతున్నాడని తెల్లవారకముందే లేచి కోటు వేసుకున్న మనిషి వేరు. ఆ ఇద్దరూ ఒక్కరేనని నాన్నకు అప్పుడు తెలిసింది. జెండా దించాడు. దాన్ని చూశాడు. రెంటినీ కలిపి, నలగకుండా, పద్ధతి ప్రకారం చుట్టి అమ్మ చేతికి ఇచ్చాడు. కారు దగ్గరికి నడిచి వచ్చి, కోటు జేబులోంచి పానా తీశాడు. షెడ్డులో మరమ్మతు పూర్తయిన ఇంజను బయటికి పోయే ముందు దాని ముందుండే బఫరు దిమ్మ మీద రెండు దెబ్బలు కొట్టడం ఆయన అలవాటు. కారు చట్రం మీద అలా రెండు దెబ్బలు కొట్టాడు. ఠంగు, ఠంగు.

"పో" అన్నాడు.

అన్న కడ్డీ లాగాడు.

ఆ చప్పుడు, ఆ వేగం నేను చెప్పలేను. నిమ్మకాయలు ఎటు చిట్లాయో ఎవరూ చూడలేదు. తడి ఇసక వెనక చక్రాల నుంచి తోకలా లేచింది. ఇంజను డ్రైవర్లు చేసినట్టే అన్న ఒక పక్కకు వంగి, తల బయటికి పెట్టి, దూరంగా చూస్తూ పోతున్నాడు. వాడి చొక్కా గాలికి ఉబ్బింది. నాన్న కోటు అంచులు పట్టుకుని వాడి వెనకే కొంచెం దూరం పరుగెత్తి ఆగిపోయాడు. అందరం చూస్తున్నాం. ఒడ్డు ఒక చోట లోపలికి వంపు తిరుగుతుంది. కారు తిరగలేదు. గీత గీసినట్టు తిన్నగా పోయి, అలల్లోకి దిగి, పెద్ద బుస్సుమని ఆగిపోయింది.

మేం వెళ్లేసరికి అన్న మోకాళ్ల లోతు నీళ్లలో, అమ్మ కుట్టిన సీటు మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. కంటి పరీక్ష తరవాత వాడు నవ్వడం అదే మొదలు.

"తిప్పలేదేందిరా?" అని అరిచాడు నాన్న.

"పట్టాలు లేవని మరిచిపోయినా నాయనా."

నాన్న నీళ్లలోకి దిగాడు. "నేనూ మరిచిపోయినా" అన్నాడు. "తిప్పేది నేర్పనే లేదు నీకు."

నిజమే. ఇన్నాళ్లూ ఇంజను, బ్రేకు, కడ్డీ, వైర్లు చూసుకున్నాం గాని, బండిని మలుపు తిప్పడం నేర్చుకోవాలని మా రైల్వే ఇంట్లో ఎవరికీ తోచలేదు. స్టీరింగు చక్రాన్ని నేను చింతపండుతో తళతళలాడేలా తోమాను కూడా.

ఎద్దులు కట్టి కారును బయటికి లాగారు. అన్న వైర్లన్నీ తడిమి, నీళ్లు తుడిచి, ఆరబెట్టి మళ్లీ అందుకునేలా చేయడానికి మధ్యాహ్నం దాటింది. ఎవరూ సాయం చేయలేదు. ఏ ముడి ఎక్కడిదో వాడి వేళ్లకు తెలుసు. తరవాత మామ వచ్చి వాడి పక్కన ఇరుకుగా కూర్చున్నాడు.

"ఇప్పుడు విను అల్లుడా. మలుపు దగ్గరికి పోయినాక తాడు లాగితే ఎద్దు గట్టు కిందికి దిగుతాది. మలుపు కనపడతానే లాగల్లా, కొంచెం కొంచెంగా. మీ నాయనకు తెలీదులే ఇదంతా. ఆయన బండ్లు ఆయన మాట వినవు, పట్టాల మాట వింటాయి."

"నువ్వు నోరు మూసుకుని నేర్పు" అన్నాడు నాన్న. ఆయన ముఖం వెలిగిపోతోంది.

పొద్దు వాలేదాకా వాళ్లిద్దరూ ఇసకలో గుండ్రాలు తిరిగారు. మొదట పెద్దవి, తరవాత చిన్నవి. మేం ఇంటికి బయలుదేరేటప్పుడు అల వచ్చి ఆ గుండ్రాలను చెరిపేయడం మొదలుపెట్టింది. తోవలో ఎద్దుల వెనక కారు మీద కూర్చుని అన్న, "నాయనా, గూడూరు చిన్నాయనకు నేను రానని చెప్పెయ్" అన్నాడు. నాన్న ముందు నడుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు. సరేనన్నట్టు చెయ్యి ఎత్తాడు.

ఆ కారు రెండు మూడేళ్లు ఉంది. ఉప్పు గాలికి తుప్పుపట్టి, చివరికి దాని ఇంజను మామ పొలంలో నీళ్లు తోడింది. దాన్ని ఎప్పటికప్పుడు బాగుచేయడానికి వెళ్లే అన్న, చుట్టుపక్కల రైతుల ఆయిల్ ఇంజన్లు కూడా చూడటం మొదలుపెట్టాడు. ఇప్పుడు నాయుడుపేటలో వాడికి సొంత షెడ్డు ఉంది. ట్రాక్టర్లు వస్తాయి. వాడు బాగుచేసిన ప్రతి ఇంజను వైరుకూ ముడులు వేసిన దారం ఉంటుంది. అది దిష్టి తగలకుండా కట్టిందని రైతులు అనుకుంటారట. కొందరు, "అన్నా, నాకు ఇంకో రెండు ముడులు ఎక్కువ వెయ్యి" అని అడుగుతారట. కాదని చెప్పడం మానేశాను అంటాడు అన్న.

నిన్న అన్న మా ఇంటికి వచ్చాడు. నాన్న పోయాక తరచు వస్తున్నాడు. మిరపకాయ సంగతి వాడికి చెప్పాను. నల్లబల్ల మీద గుండ్రాల సంగతి కూడా చెప్పాను, మొదటిసారి. అమ్మ నుంచి నీకు, నా నుంచి నా బిడ్డకు రావచ్చు అన్నాను. అన్నేసి మాటలు ఒక్కసారిగా వాడితో ఎప్పుడూ అనలేదు.

అన్న తొందరపడలేదు. మా వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వాడి రెండు చేతులూ ఎదురుగా ఉన్న పళ్లెం అంచు మీద పెట్టి, స్టీరింగులా అటూ ఇటూ తిప్పిస్తున్నాడు.

"ఏమ్మే, వీడికి ఆవకాయ పెట్టినావా ఎప్పుడన్నా?"

"పెట్టా. కారమని ఉమ్మేస్తాడు."

"గోంగూర?"

"అది తింటాడు."

"మరి తేడా తెలుస్తా ఉండాది గదా" అన్నాడు.

"నవ్వులాట కాదన్నా."

"నేను నవ్వినానా?" నిజంగానే నవ్వడం లేదు. "రైలు తోలలేడు. అంతే గదా? ఆ పుస్తకం ముందర కూచున్న రోజు నాకు ఇంకేమీ మిగల్లేదనుకున్నా. నువ్వు వీడిని ముందే తీసుకెళ్లి ఆ పుస్తకం చూపించు. వాడు ఒక్కడే ఉన్నప్పుడు అది తెలియకూడదు. ఇంట్లో అందరి ముందర తెలియాల."

అన్న వెళ్లాక చాలాసేపు ఆ మాటే మనసులో తిరిగింది. మా ఆయనతో చెప్తే, వచ్చే వారం కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దామన్నారు. ఈసారి నవ్వలేదు. అమ్మకు కూడా ఉత్తరం రాశాను, వచ్చి కొన్నాళ్లు ఉండమని. ఎందుకో రాయలేదు.

సాయంత్రం వంటింట్లో జాడీల వాసెనలు మార్చాను. నేను చదువుకున్నదాన్ని, జాడీల మీద కాగితం అంటించి పేర్లు రాసుకునేదాన్ని. ఆ కాగితాలు చింపేసి, దారాలకు ముడులు వేశాను. మా వాడు వచ్చి నా పక్కన కూర్చుని, ముడి మీద వేలు పెట్టి, ఇదేంటి అన్నాడు. చెప్పాను. ఇంకోదాని మీద పెట్టాడు. అదీ చెప్పాను. మూడోసారి నేను చెప్పేదాకా ఆగలేదు.

గూట్లో మిరపకాయ రంగు తిరిగింది. రేపు దాన్ని కూరలో వేసేస్తాను.